ఇల్లున్నోనికి ఇంకో ఇల్లు: పక్కా చిట్కాలు

ఈ చిట్కాలు గుడిసెల్లో ఉన్నవాళ్లకు కావు. వాళ్లకు అర్హత ఉంది, అర్హత ఉన్నవాడికి ఉపాయంతో ఏం పని? లైన్లో నిలబడి వాళ్ల తిప్పలు వాళ్లు పడతారు. మన రామగుండంలో జ్యోతినగర్ నుంచి గోదావరిఖని దాకా, ఎయిటింక్లయిన్ కాలనీ దాకా, ఇప్పటికే ఓ కంపెనీ క్వార్టరూ ఊళ్లో ఓ డాబా ఉండి కూడా "ఇల్లు కట్టుకోను సర్కారిచ్చే ఆ ఐదు లక్షలు మనకెందుకు రావద్దు?" అని రాత్రిళ్లు మంచం మీద దొర్లేవాళ్లు ఉన్నారు. వాళ్ల కోసం రాస్తున్నాను.

ముందు పైసల సంగతి తెలుసుకోండి. తెలంగాణలో ఇప్పటి ఇందిరమ్మ ఇళ్ల పథకం 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైంది. సొంత జాగ ఉండి పక్కా ఇల్లు లేని పేద కుటుంబానికి 5 లక్షలు. తొలి విడతలో నియోజకవర్గానికి 3,500 ఇళ్లన్నారు. ఇంత పెద్ద లెక్కలో మీ ఒక్కరి ఇల్లు దూరితే ఎవరికి తెలుస్తుంది? అయితే ఆ పైసలు ఒకేసారి చేతిలో పెట్టరు. బేస్‌మెంట్‌కు కొంత, గోడలకు కొంత, స్లాబుకు కొంత, అంతా పూర్తయ్యాక మిగిలింది. కట్టుకుంటేనే ఇస్తారన్నమాట. పథకంలో ఇదొక్కటే లోపం. దానికీ విరుగుడు ఉంది.

1. ముందు పేదరికం సంపాదించండి

కారును బామ్మర్ది పేరు మీదికి మార్చండి. ఊళ్లో డాబా మీ పేరు మీద ఉంటే తమ్ముడికి గిఫ్ట్ డీడ్ రాసివ్వండి. తమ్ముడు మంచోడే. మరదలు కూడా మంచిదే, రిజిస్ట్రేషన్ అయ్యేదాకా. ఆదాయం సర్టిఫికెట్‌కు మీసేవలో దరఖాస్తు పెట్టి, వృత్తి అన్నచోట 'కూలి' అని రాయించండి. నెలనెలా జీతం బ్యాంకులో పడుతున్న సంగతి సర్కారుకు తెలియదని గట్టిగా నమ్మండి. ఆధార్, పాన్, రేషన్ కార్డు, బ్యాంకు ఖాతా అన్నింటినీ ఒకదానికొకటి ముడేసింది మీ సౌకర్యం కోసమే అనుకోండి.

ఇల్లు ఆ ఇంటి ఆడమనిషి పేరు మీద మంజూరవుతుంది. అందులోనూ ఒంటరి మహిళలకు, వితంతువులకు ముందు వరుస అని విన్న తెలివైనవాళ్లు కాగితం మీద భార్యతో విడిపోతారు. మీరూ విడిపోండి. నలుగురు పెద్దమనుషులను కూర్చోబెట్టి వంద రూపాయల బాండు మీద రాసుకుంటే చాలు, కోర్టు దాకా పోయే ఓపిక ఎవరికుంది? ఆమె సంతకం పెట్టేటప్పుడు కొంచెం నవ్వితే పట్టించుకోవద్దు. కారు బామ్మర్ది దగ్గర, డాబా తమ్ముడి దగ్గర, రాబోయే ఇల్లు ఆమె పేరు మీద. ఇప్పుడు మీరు నిజంగానే పేదవాళ్లు. మొదటి మెట్టు ఎక్కేశారు.

2. ఫొటో ఎక్కడ దిగాలో ముందే చూసుకోండి

2024 డిసెంబరులో సర్వేవాళ్లు మొబైల్ యాప్ పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. గోడలు వేటితో కట్టారు, పైకప్పు ఏంది, జాగ ఎవరిది, అన్నీ అడిగి ఇంటి ముందు నిలబెట్టి ఫొటో తీసుకున్నారు. ఆ వివరాలను బట్టి మూడు జాబితాలు వచ్చాయి. సొంత జాగ ఉండి ఇల్లు లేనివాళ్లు ఎల్-1. జాగా ఇల్లూ రెండూ లేనివాళ్లు ఎల్-2. మిగతావాళ్లు ఎల్-3. మీరు పుట్టింది ఎల్-3లో, చేరాల్సింది ఎల్-1లో. సింగరేణి బొగ్గుబాయిలో బదిలీ ఫిల్లర్‌గా చేరి పర్మనెంట్ అయినవాళ్లకు ఇదొక లెక్కా?

మళ్లీ సర్వే అన్నప్పుడు ఏసీ బిగించిన క్వార్టర్ ముందు నిలబడకండి. ఊళ్లో మీ కాక మేకలు కట్టేసే రేకుల షెడ్డు ఉంటుంది. తువ్వాల భుజానేసుకుని దాని ముందు నిలబడండి. గోడకు పగుళ్లు కూడా కావాలంటే ఓపెన్‌కాస్టు పక్క ఊళ్లు వెతకండి. బ్లాస్టింగ్‌కు అదిరి చీలిన గోడలు అక్కడ దొరుకుతాయి. ఆ ఇంటివాళ్లు ఏళ్లుగా వచ్చిన ప్రతి సారుకూ చూపిస్తున్నా లెక్కలోకి రాని పగుళ్లు, మీ ఫొటోలో పడితే మాత్రం భలే పనికొస్తాయి. మేకలను పక్కకు తోలండి. ఒకటి ఫొటోలోకి వచ్చినా పర్వాలేదు, కుటుంబ సభ్యుల సంఖ్య ఒక్కటి సరిచూసుకోండి.

ఫొటోతో పాటు ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు కూడా ఫోనులోకి ఎక్కుతాయని కొందరు బెదిరిస్తారు. ఎక్కితే ఎక్కనివ్వండి. ఇక మీదట ముగ్గు పోసినప్పుడు, బేస్‌మెంట్ అయినప్పుడు, గోడలు లేచినప్పుడు, స్లాబు పడ్డప్పుడు ప్రతి ఫొటో అదే చోట దిగాలి, అంతేగా! అంటే కొత్త ఇల్లు మీ కాక మేకల దొడ్డిలో కట్టాలి. పోయి అడగండి.

"నా దొడ్ల నీ ఇల్లేందిరా?" అంటాడు.

"ఉత్తగ ఫొటో కోసమే కాకా. తర్వాత చూసుకుందాం" అనండి.

కాక ముసలోడు, ఒప్పుకుంటాడు. ఆయన కొడుకులు ముగ్గురూ బాయి పనోళ్లు, చేతుల్లో బలం ఉన్నవాళ్లు. వాళ్లను అడగడం మర్చిపోండి.

3. జాగ నోటరీ మీదే కొనండి

కాక కొడుకులు ఒప్పుకోకపోతే వేరే జాగ కావాలి. రిజిస్ట్రేషన్ ప్లాటు కొనడం పైసలు దండుగ. ఈ బొగ్గు బెల్టులో నోటరీ కాగితం మీద దొరికే జాగకు కొదవ లేదు. అసలు ఇక్కడి బస్తీలు పెరిగిందే అట్లా. కంపెనీ బాయి తవ్వింది, బాయి చుట్టూ గుడిసెలు లేచాయి, గుడిసెలు గల్లీలయ్యాయి, గల్లీలు వార్డులయ్యాయి. కింద నేల మాత్రం కంపెనీదిగానో సర్కారుదిగానో మిగిలిపోయింది. దాన్ని సరిచేయడానికే 2014 డిసెంబరులో జీవో 58 వచ్చింది, 125 గజాల దాకా ఇల్లు కట్టుకున్న పేదలకు ఉచితంగా క్రమబద్ధీకరణ. పైసలు కట్టగలిగినవాళ్లకు జీవో 59. సింగరేణి స్థలాల్లో ఇళ్లు కట్టుకున్నవాళ్లకు జీవో 76.

అవన్నీ ఎప్పటి నుంచో ఇల్లు కట్టుకుని ఉంటున్నవాళ్ల కోసం, నిన్న కొన్న ఖాళీ జాగ కోసం కాదు అని ఎవరైనా జీవో చదివి వినిపించబోతే అక్కడి నుంచి లేచిపోండి. మీకు నంబరు తెలిస్తే చాలు, లోపలి సంగతులు ఎందుకు? అమ్మేవాడు "సెవెంటీ సిక్స్‌ల వస్తది అన్నా, పక్కా" అంటాడు. అడ్వాన్సు ఇచ్చేయండి. అదే జాగను అదే వారంలో ఇంకెవరికి అమ్మాడో అడగడం మర్యాద కాదు.

ఇంకా చవకగా కావాలంటే పాత గని మీద జాగ చూడండి. కింద బొగ్గు ఎప్పుడో తీసేశారు, ఖాళీలను గోదావరి ఇసుకతో నింపారు. వాన పడ్డాక ఒక్కచోటే నీళ్లు నిలుస్తుంటే, నేల కొంచెం లోపలికి దిగినట్టు అనిపిస్తే, భయపడకుండా బేరం తగ్గించండి. ఇల్లు కూడా కొన్నాళ్లకు సొంతంగా సెల్లార్‌లోకి దిగుతుంది. హైదరాబాద్‌లో సెల్లార్ కావాలంటే ఎంత ఖర్చో తెలుసా?

4. పునాది ఘనంగా తవ్వండి

ఇందిరమ్మ ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. వంటగది, మరుగుదొడ్డి ఉండాలి. ఇది విని ఇంట్లో ఎవరో ఒకరు "గంత చిన్నింట్ల మనమెట్ల ఉంటం?" అంటారు. వాళ్ల మాటే వినండి. ఎలాగూ కడుతున్నాం కదా అని తూర్పున పూజగది, పడమర అత్తగారి గది, రేపు పైన అంతస్తు వేయడానికి పక్క నుంచి మెట్లు, కారుకు షెడ్డు. (కారు బామ్మర్ది దగ్గరుంది. అయినా షెడ్డు ఉండాలి.) మొత్తం తొమ్మిది వందల అడుగులకు ముగ్గు పోయించండి.

మేస్త్రి "అన్నా, బిల్లు ఆగుతది" అంటాడు. వాడి మాట పట్టించుకోవద్దు. వాడికి ఏం తెలుసు, ఇళ్లు కట్టడం తప్ప?

హౌసింగ్ ఏఈ టేపు పట్టుకుని వస్తాడు. ఆయనకు చల్లని మజ్జిగ ఇవ్వండి. టేపు ఒక కొస మీరే పట్టుకోండి. కొలిచేటప్పుడు మీ కొసను రెండు అడుగులు లోపలికి జరిపి, గోడ అంచు దగ్గరే ఉన్నట్టు మొహం పెట్టండి. రెండో కొస దగ్గర ఉన్న ఆయన మీ చేతి వంక చూసి నవ్వుతాడు. మీరూ నవ్వండి. ఆయన నవ్వుతూనే 'ఎక్కువ కట్టారు' అని రాసుకుని, ఫొటో తీసుకుని, మజ్జిగ గ్లాసు పునాది మీద పెట్టి వెళ్లిపోతాడు.

ఇప్పుడు మీ దగ్గర బిల్లు రాని బేస్‌మెంట్ ఉంది. బేస్‌మెంట్‌కు ఇచ్చే మొదటి లక్ష రాలేదు, దానికోసం పెట్టిన ఖర్చు మాత్రం లక్ష ఎప్పుడో దాటింది. దీన్ని నష్టం అనుకోవద్దు. గల్లీలో అందరికంటే పెద్ద పునాది ఎవరిదని అడిగితే చిన్నపిల్లలు కూడా మీ వైపే చూపిస్తారు.

5. మొదటి బిల్లు పడితే ఏం చేయాలి

ఏ రాజన్న దయవల్లనో అడ్డంకులు తొలగి బేస్‌మెంట్ బిల్లు పడిందనుకోండి. ఆ పైసలతో గోడలు లేపడం వట్టి పిరికితనం. చిన్నోడి పుట్టువెంట్రుకలు ఎన్నాళ్లుగానో బాకీ ఉన్నాయి. వేములవాడకు బండి మాట్లాడి రెండు యాటలు కోయించండి. గోడలకు ఎలాగూ సర్కారే ఇస్తుంది కదా. గోడలు కట్టాక ఇస్తుంది, కానీ ఇస్తుంది కదా.

సిమెంటు ఉద్దెర తెచ్చుకోండి. దుకాణం సేటు మీ మొహం చూసి ఇవ్వకపోతే మంజూరు కాగితం జిరాక్స్ చూపించండి. ఇటుక కోసం దూరం పోనక్కర్లేదు. ఎన్టీపీసీ పవర్ హౌస్ బూడిదతో చేసే ఇటుకలు ఇక్కడే దొరుకుతాయి. మంచి సరుకే, సరిగ్గా తయారుచేస్తే గట్టిగా ఉంటాయి. అందుకే మీరు ఇటుకల దగ్గర ఆగిపోకండి. కుందనపల్లి బూడిద చెరువు వైపు నుంచి ఒక ట్రాక్టర్ బూడిద తోలించుకుని, పూతలో సిమెంటు తగ్గించి అది కలపమనండి. రెండూ ఒకే రంగు, గోడకేం తెలుస్తుంది? వానాకాలం వచ్చేదాకా ఏమీ తెలియదు.

6. పైరవీకారును నమ్మండి

మేడిపల్లి సెంటర్‌లో టీ తాగుతూ ఫోనులో "సార్, సార్" అనేవాడు ఎవరో చూసుకుని పైసలు ముందే ఇవ్వండి. రసీదు అడగొద్దు, అడిగితే నొచ్చుకుంటాడు. పని కాకపోతే "మీ ఫైలు హైదరాబాద్‌ల ఉంది" అంటాడు. హైదరాబాద్ పెద్ద ఊరు, ఫైలు దొరకడానికి టైం పడుతుంది. ఈలోగా ఆయన ఇల్లు రెండో అంతస్తు పూర్తవుతుంది. గృహప్రవేశానికి పిలిస్తే వెళ్లండి, కట్నం చదివించండి.

7. డబుల్ బెడ్‌రూమ్ కొనుక్కోండి

ఇందిరమ్మ దక్కకపోతే 2015 నాటి డబుల్ బెడ్‌రూమ్ పథకం ఇళ్లున్నాయి. 560 చదరపు అడుగులు, రెండు పడకగదులు, సర్కారే కట్టించి ఇచ్చింది. లబ్ధిదారుకు అమ్ముకునే హక్కు లేదు. అందుకే చవక. అమ్మేవాడికి హక్కు లేదు, కొనేవాడికి అర్హత లేదు. ఇద్దరూ సమానమే కాబట్టి ఎవరూ ఎవరినీ మోసం చేసినట్టు కాదు. బాండు పేపరు తీసుకుని, కరెంటు బిల్లు మాత్రం ఆయన పేరు మీదే ఉంచండి. తనిఖీకి వచ్చిన రోజు మీరు ఆయన మేనమామ. ఆయన పిల్లల పేర్లు ముందురోజే బట్టీ పట్టండి.

8. క్వార్టర్ వదలొద్దు

ఇన్ని ఇళ్లు చేతికి వస్తున్నప్పుడు కంపెనీ క్వార్టర్ ఎందుకని అనుకునేరు. క్వార్టర్ కిరాయికి ఇవ్వండి. పవర్ హౌస్ కొత్త యూనిట్ల పనులకనీ ఎరువుల ఫ్యాక్టరీ పనులకనీ బీహార్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కూలీలు గదులు దొరక్క తిరుగుతుంటారు. ఒక గదిలో పది మందిని పెట్టి, తలకు ఇంత అని తీసుకోండి. కంపెనీ నీళ్లు, కంపెనీ కరెంటు, మీ కిరాయి. పైగా ఇదే మీరు వలస కూలీలకు చేసే సమాజసేవ. ఏ గ్రాంటూ లేకుండా నడుస్తున్న ఏకైక ఆశ్రయం మీదే అని చెప్పుకోవచ్చు.

61 నిండి రిటైరైనా తాళంచెవి అప్పగించవద్దు. సెక్యూరిటీవాళ్లు వచ్చి కరెంటు కట్ చేస్తే పక్క క్వార్టర్ నుంచి వైరు లాగండి. నో డ్యూస్ కాగితం ఆగుతుంది, దానితో పాటు మీకు రావాల్సిన పైసల లెక్కా ఆగుతుంది. ఆగనివ్వండి. ముప్పై ఏళ్ల కష్టార్జితాన్ని కూలీలిచ్చే కిరాయి కోసం పణంగా పెట్టినవాడు ఎటువంటి వ్యాపారో బజారులో అందరికీ తెలియాలి.

9. ఇక సమాజసేవలోకి దిగండి

ఒక్క ఇంటి కోసం ఇంత కష్టపడ్డవాళ్లు ఊరి పేరు మీద వచ్చే సొమ్మును వదిలేస్తే ఎట్లా? గని తవ్విన చోట నష్టపోయిన ఊళ్ల కోసమని 2015లో గనుల చట్టం సవరించి జిల్లా ఖనిజ నిధి పెట్టారు. కంపెనీలు కట్టే రాయల్టీ మీద అదనంగా వసూలు చేసిన సొమ్ము అది. కనీసం 60 శాతం తాగునీరు, వైద్యం, చదువు, పారిశుద్ధ్యం, మహిళా శిశు సంక్షేమం లాంటివాటికి పెట్టాలని ఆనాటి మార్గదర్శకాలు. దీనికి తోడు లాభాలొచ్చే పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టాలని 2013 కంపెనీల చట్టం. ఒకవైపు సింగరేణి, ఒకవైపు ఎన్టీపీసీ, మధ్యలో మీరు. ఇంతకంటే మంచి చోట పుట్టాలంటే పెట్టి పుట్టాలి.

సంఘం ఒకటి రిజిస్టర్ చేయండి. అధ్యక్షుడు మీరు, కోశాధికారి మీ బామ్మర్ది, కార్యదర్శిగా మీ మాజీ భార్య ఒప్పుకుంటే ఇంకా మంచిది. తర్వాత అర్జీ రాయడం నేర్చుకోండి. మీ కులసంఘం భవనానికి ప్రహరీ కావాలంటే 'ప్రహరీ' అని రాయకండి. గోడ ఉంటే పందులు రావు, పందులు రాకపోతే అది పారిశుద్ధ్యం. ఫంక్షన్ హాలు కావాలంటే అందులో కుట్టుమిషన్ ఒకటి పెట్టండి, అది మహిళా నైపుణ్య శిక్షణ. మిషన్‌కు దారం ఎక్కించాల్సిన పని లేదు. మీ ఇంటి ముందు సీసీ రోడ్డు కావాలంటే ఆ రోడ్డు మీదే అంబులెన్స్ వస్తుందని రాయండి.

తాగునీళ్లు మాత్రం అడగొద్దు. నల్లా వేస్తే దాని మీద పేరు రాసుకునే చోటు ఉండదు. ఓపెన్ జిమ్ అడగండి. శిలాఫలకానికి బోలెడంత చోటు, ఫొటోకు నీలం పసుపు రంగు గొట్టాలు, ప్రారంభోత్సవం రోజు అందరూ ఒకసారి తొక్కి దిగుతారు. ఏడాది తిరిగేసరికి తుప్పు పట్టిన గొట్టాల మీద పక్కింటివాళ్లు దుప్పట్లు ఆరేసుకుంటారు. అప్పుడు దాన్ని తీసేయడానికి ఇంకో అర్జీ.

10. నిరాశ్రయుల ఆశ్రయం నడపండి

ఇది అన్నింటికంటే తేలికైన పని. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్‌లో ఇల్లు లేనివాళ్ల కోసం ఆశ్రయాల పథకం పెట్టారు. పట్టణంలో లక్ష మందికి ఒకటి చొప్పున, వంద మంది పడుకునేంత శాశ్వత ఆశ్రయం ఉండాలన్నారు. మనిషికి 50 చదరపు అడుగుల చోటు, మంచం, పరుపు, దుప్పటి, నీళ్లు, స్నానాలగది, ఇరవై నాలుగు గంటలూ తెరిచిన తలుపు. 2011 లెక్కల్లోనే రామగుండం జనాభా 2 లక్షల 29 వేలు దాటింది. అంటే నిబంధన ప్రకారమే రెండు ఆశ్రయాలకు మనకు హక్కుంది. వీటి నిర్వహణను బయటి సంఘాలకు అప్పగించవచ్చు. మీ దగ్గర సంఘం ఉంది.

ముందు చోటు. ఆశ్రయం రైల్వే స్టేషన్, బస్టాండు, ఆసుపత్రి దగ్గర ఉండాలంటారు, ఇల్లు లేనివాళ్లు అక్కడే ఉంటారట. అక్కడ పెడితే వాళ్లు వచ్చేస్తారు. వస్తే గోడలు మాస్తాయి, దుప్పట్లు ఉతకాలి, రాత్రి ఎవరికో జ్వరం వస్తుంది. కాబట్టి ఆటో కూడా రాని చోట పెట్టండి. స్టేషన్ ప్లాట్‌ఫాం మీద పడుకునే ముసలమ్మకు అక్కడికి రావాలంటే యాభై రూపాయలు కావాలి. యాభై రూపాయలు పెట్టుకోగలిగిన మనిషి నిరాశ్రయురాలు ఎట్లా అవుతుంది?

దుప్పట్లను ప్లాస్టిక్ కవరులోంచి తీయకండి. మంచాల మీద నాలుగు మడతలు పెట్టి వరసగా పేర్చండి. కవరు మీద దుకాణం చీటీ, ధర కనబడేలా ఉండాలి. ఆడిట్‌కు వచ్చినవాళ్లకు బిల్లులు వెతికే శ్రమ తప్పుతుంది. టీవీ ఒకటి కొనండి, అది మీ ఇంట్లో ఉంటేనే భద్రం. వాచ్‌మన్‌గా దూరపు చుట్టాన్ని పెట్టండి, రాత్రి ఎనిమిదింటికి తాళం వేసి ఇంటికి పోయేవాడైతే నయం. రిజిస్టర్‌లో పేర్లు ఒకేసారి నెలకు సరిపడా రాసుకోండి. పెన్ను మార్చండి, ఎడమచేత్తో కొన్ని రాయండి, మధ్యలో రెండు మూడు వేలిముద్రలు వేయండి. మీ వేళ్లు పది ఉన్నాయి, నెలకు ఇబ్బంది లేదు.

అట్లా చేస్తే దొరికిపోతారని ఎవరైనా అంటే 2016 సంగతి గుర్తుచేయండి. ఆశ్రయాలకు నిధులు పోయినా రాష్ట్రాల్లో ఆశ్రయాలు లేవేమని సుప్రీంకోర్టు ప్రశ్నించి, ఢిల్లీ హైకోర్టు రిటైర్డ్ న్యాయమూర్తి కైలాష్ గంభీర్‌తో కమిటీ వేయాల్సి వచ్చింది. మొత్తం దేశమే కష్టపడి చేసిన పని అది. మీరొక్కరే చేశారని సిగ్గుపడాల్సిన అవసరం ఏముంది?

11. లెక్క పగలే తీయండి

ఇల్లు లేనివాళ్లను రాత్రిపూట లెక్కించాలని జనగణనవాళ్ల పద్ధతి. 2011లో ఫిబ్రవరి 28 రాత్రి దేశమంతా ఒక్కసారే లెక్కిస్తే 17 లక్షల 70 వేల మంది పైన తేలారు. అమెరికాలో కూడా జనవరి ఆఖరున ఒక రాత్రి వీధులు తిరిగి లెక్కిస్తారు, చలికి వణుకుతూ. మీకు ఆ ఖర్మ పట్టలేదు. మధ్యాహ్నం పన్నెండింటికి గోదావరిఖని చౌరస్తాకు వెళ్లండి. అందరూ లేచే ఉంటారు, నిలబడే ఉంటారు, ఎవరూ పడుకుని కనబడరు. 'నిరాశ్రయులు: లేరు' అని రాసుకుని టిఫిన్ చేసి రండి. గ్రాంటు దరఖాస్తులో మాత్రం 'వంద మంది' అని రాయండి. రెండు కాగితాలూ వేర్వేరు టేబుళ్ల మీదికి పోతాయి, ఒకదాన్నొకటి చూసుకోవు. చూసుకున్న రోజున మూడో కాగితం మీ పేరు మీద వస్తుంది.

12. పథకం పేరు మారినా దిగులు వద్దు

కట్టని ఇళ్లకు బిల్లులు లేపారని పాత ఇందిరమ్మ ఇళ్ల మీద 2014లో కొత్త సర్కారు సీబీసీఐడీ విచారణకు ఆదేశించింది. అంటే గోడా స్లాబూ లేకుండా ఇల్లు పూర్తిచేసిన మహానుభావులు మనకంటే ముందే ఉన్నారు. మీరు కనీసం పునాది తవ్వారు. నోటీసు వస్తే "కట్టిన, వరదకు పోయింది" అని రాసివ్వండి. గుట్ట మీద జాగకు వరదేందని అడిగితే బ్లాస్టింగ్ అనండి.

ఈ దరఖాస్తు పోతే ఇంకోటి. 2006లో ఇందిరమ్మ, 2015లో డబుల్ బెడ్‌రూమ్, 2023లో జాగ ఉన్నవాళ్లకు 3 లక్షలంటూ గృహలక్ష్మి, 2024 జనవరిలో అది రద్దు, మార్చిలో మళ్లీ ఇందిరమ్మ. పేరు మారుతుంది, ఫారం మారుతుంది, జిరాక్స్ సెంటర్ మారదు. కాబట్టి తర్వాతి ఫారం వచ్చేదాకా ఆగండి, ఈసారి మీకు చాలా మేలు ఉంది. డాబా తమ్ముడిది. జాగ ఎవరిదో కోర్టు తేల్చాలి. క్వార్టర్‌కు కంపెనీ తాళం పడింది. మేకల దొడ్డి వైపు పోయే ధైర్యం లేదు. ఎల్-3లో పుట్టిన మనిషి ఏ అబద్ధమూ ఆడకుండా నేరుగా ఎల్-2లోకి వచ్చేశాడు. సర్వేవాళ్లు ఈసారి ఏ గోడ ముందు నిలబెట్టి ఫొటో తీసినా అది మీది కాదు, ఇక భయం దేనికి?

ఫారంలో చిరునామా గడి మాత్రం ఖాళీగా వదలొద్దు, తిప్పి పంపుతారు. పైరవీకారు ఇంటి నంబరు రాయండి. మీకు రావాల్సిన నోటీసులు ఎట్లాగూ ఆయన దగ్గరే ఉన్నాయి.